రేకు బూరలో ఆమె మాట

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మా సూర్యాపేటకు ఇంకా రాని సంవత్సరంలో నేను సినిమా చెప్పే ఉద్యోగంలో చేరాను. చూపించే ఉద్యోగం కాదు, చెప్పేది. అప్పటికి హైదరాబాదులో నా కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయింది. ఆపింది నేనా కాలేజీయా అన్న విషయంలో మా నాన్నకూ నాకూ కొద్దిపాటి అభిప్రాయభేదం ఉండేది. ఆయన బడిపంతులు. నేను ఉర్దూలో చదివిన చరిత్ర, తర్కం ఒక డేరాలో గుడ్డ తెర పక్కన నిలబడటానికి పనికొస్తాయని ఆయన ఊహించలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఊహించలేదు.

మా తాలూకాల్లో తిరిగే డేరా సినిమాలకు తెలుగు బొమ్మలు దొరికేవి కావు. పది ఊళ్ళు తిరిగి ఒంటినిండా గీతలు పడ్డ బొంబాయి బొమ్మలు వచ్చేవి. భాష హిందీ. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచినా, నేల మీద కూర్చుని చూసే కూలీనాలీ జనానికి ఆ తరహా మాటలు నాలుగే తెలుసు: లావ్, చలో, ఖామోష్, హాజిర్. ఆ నాలుగూ రోజూ వాళ్ళు వినేవే. బొమ్మలో ఇవి కాక వేరే మాటలు కూడా ఉండేవి కాబట్టి, ఎవరు ఎవరితో ఏమంటున్నారో రేకు బూర పట్టుకుని తెలుగులో చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

ఆ పనికి ఒక ఆచారం ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబితే జనం ఒప్పుకోరు. తెర మీది రాజు తమ ఊరి దొరలాగే తిట్టాలి, అత్త తమ అత్తలాగే సాధించాలి. కథానాయిక మూడు మాటలంటే నేను ముప్పై అనాలి. ఆమె నోరు మూసుకున్నాక కూడా నేను మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. ఆడవాళ్ళ తరఫున అంతసేపు మాట్లాడిన మగవాణ్ణి ఆ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ ఏడు మాకు దొరికిన బొమ్మలో కథానాయిక పడవ నడిపే మనిషి. నది దాటే ప్రతివాడి దగ్గరా సగం పంట లాక్కునే మంత్రి ఒకడుంటాడు. ఆమె వాణ్ణి తెడ్డుతో బాది, వాడి నడికట్టుతోనే పడవ కొయ్యకు కట్టేస్తుంది. జనం ఆమెకు తెడ్డు దొరసాని అని పేరు పెట్టుకున్నారు. ఆట మొదలుపెట్టే ముందు ఠాణా అనుమతి కావాలి. అమీన్ సాబ్ వచ్చి కుర్చీలో కూర్చుని మొత్తం చూశాడు. చివర ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆ మంత్రి ఏ ముల్కువాడు?"

"చాలా దూరపు ముల్కు సాబ్" అన్నాను.

"అయితే ఠీక్ హై" అని సంతకం పెట్టాడు.

డేరా మధ్యలో అడ్డంగా ఒక పరదా ఉండేది, అవతల ఆడవాళ్ళు. వాళ్ళ గేటు దగ్గర నిలబడటానికి యజమాని ఒక మనిషిని పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తిరుమలగిరి దిక్కు ఊరినుంచి వచ్చానని మాత్రం చెప్పింది. పరదా ఎత్తి తొంగిచూసే మగవాళ్ళను ఆమె మెడపట్టి తీసుకుపోయి బయట దింపి వచ్చేది, పిల్లి పిల్లను నోట కరుచుకుపోయినంత శ్రద్ధగా. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. నన్ను ఆమె పంతులూ అనేది. అది నాన్న ఉద్యోగమని చెప్పినా వినలేదు.

ఆమె కథ నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. చిరిగిన పరదాను ఇద్దరం చెరో కొసనుంచి కుడుతున్నాం. రాత్రి ఆట ఎట్లా ఉందని అడిగాను.

"ఏముంది పంతులూ. గామె కొట్టంగనే డోళ్ళు మోగుతయి. మాకు మోగలే" అంది.

తర్వాత చెప్పింది. వాళ్ళ పటేలు ఇంట్లో పెళ్ళి. ఊళ్ళోని ఆడవాళ్ళందరినీ వెట్టికి, అంటే కూలి లేకుండా, వడ్లు దంచడానికి పిలిపించాడు. మూడు రోజులు దంచారు. మూడో సాయంత్రం ఈమె ఇంటికి ఒక చేటెడు తవుడు అడిగింది. మంచం మీద పడుకున్న పటేలు నవ్వి, చేటను కాలితో తన్నాడు. ఈమె రోకలి పక్కన పెట్టి, ఆయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, దానితోనే రెండు చేతులూ మంచం కోడుకు కట్టేసింది. మిగతా ఆడవాళ్ళు ఎవరూ లేవలేదు, ఎవరూ ఆపలేదు. దంపుడు మాత్రం పెంచారు. ఆ చప్పుడులో పటేలు అరుపులు వాకిలి దాటలేదు. వెళ్ళే ముందు ఆమె ఆయనతో ఒక మాట అంది.

"నీ ఇంట్ల వెట్టి జెయ్యంది గీ రుమాలొక్కటే ఉండె పటేలా. ఇయ్యాల అది గూడ జేసింది."

అన్నాక ఊరు విడిచింది. అప్పటినుంచి పటేలు మనుషులు వెతుకుతున్నారు. డేరాలో ఉంటే ఎవరూ గుర్తుపట్టరని ఆమె లెక్క. అందరూ తెరవైపు చూస్తారు, గేటువైపు కాదు. చాలా మంచి లెక్క. దానిలో నన్ను కలుపుకోవడమొక్కటే పొరపాటు.

ఆ సాయంత్రమే తెర మీద మంత్రిని కట్టేసే ఘట్టం వచ్చింది. హిందీలో కథానాయిక అన్నది "ఇక నీ ఆట కట్టు" అన్నంత చప్పటి మాట. నా నోట్లో అంతకంటే మంచిది సిద్ధంగా ఉంది. నడికట్టును రుమాలు చేసి, మంత్రిని పటేలు చేసి, బూరలో ఉన్నదున్నట్టు అనేశాను. తర్వాత నేల, బెంచీ, పరదా అవతల, అన్నీ కలిసి లేచాయి. నవ్వు అనడం సరికాదు, అది ఇంకేదో. మా యజమాని కోదాడ దిక్కు మనిషి, ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోనివాడు, వచ్చి నా భుజం తట్టాడు.

"ఏవయ్యా, ఆ మాట ఎక్కడ పట్టావు? రోజూ చెప్పవయ్యా అట్టాగే."

రోజూ చెప్పాను. నాలుగు రోజుల్లో సూర్యాపేట బజారంతా అదే మాట. హోటల్లో చాయ తాగుతూ పెద్దమనుషులు నాలుగు రోజుల పాత పేపరు చదివేవారు. ఏ ఊరు తగలబెట్టారు, ఎవరిని పట్టుకుపోయారు, భారత యూనియన్ సైన్యం వస్తుందా రాదా అని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. తర్వాత గొంతు పెంచి, తెడ్డు దొరసాని నిజంగా తెడ్డు తిప్పిందా, వెనకనుంచి తాడు కట్టి తిప్పించారా అని వాదించుకునేవారు. రెండో వాదనలో వేడి ఎక్కువ. దానికి ఎవరూ పట్టుకుపోరు. అదే పెద్దమనుషులు ఇంటికి వెళ్ళాక కూరలో ఉప్పు తక్కువైతే కంచం విసిరేవారని వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు గేటు దగ్గర మా అక్కకు చెప్పేవారు.

ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నీళ్ళ కుండ దగ్గర ఆగింది.

"గా మాట నాది పంతులూ."

"తెలుసు అక్కా. అందుకే అంత బాగుంది."

"నాదని నీకెర్కనే. గా పటేలుకు గూడ ఎర్కనే గద."

"ఆయన ఇంత దూరం బొమ్మ చూడటానికి వస్తాడా?"

"ఆయన రాడు. మాటనే పోతది."

ఆపుతానన్నాను. సూర్యాపేటలో మిగిలిన రెండు ఆటలకు నాకు జలుబు చేసింది. ఆ ఘట్టం వచ్చినప్పుడు దగ్గాను.

డేరా విప్పి బండ్ల మీద కోదాడ బయల్దేరాం. దారిలో నడిగూడెం రాజావారి పరగణా తగులుతుంది. అది మా రాజ్యం మధ్యలో ఉన్నా యూనియన్‌కు చెందిన నేల. మా పోలీసులు అక్కడ అడుగుపెట్టడానికి వీల్లేదు. దేశం మ్యాపు గీసినవాడు ఎక్కడో సిరా చుక్క విదిలించాడేమో, అది ఆ నాలుగు ఊళ్ళ అదృష్టం. ఆమె చిన్నమ్మ కూతురు ఒకతె అక్కడ ఉంది. బండి ఆపమంది.

"నేను గీడ్నే దిగుత."

యజమాని గాబరా పడ్డాడు. "నువ్వు దిగితే ఆడవాళ్ళ గేటు ఎవరు చూస్తారమ్మా? కోదాడలో జాతరలాగా ఉంటది. ఏవయ్యా, నువ్వన్నా చెప్పు."

ఆమె నన్నడిగింది: "గా మాట పూరా బంద్ జేస్తవా? చేస్తనంటె వస్త. లేకుంటె దిగుత."

చేస్తానన్నాను. ఒట్టు కూడా పెట్టాను. దేనిమీద పెట్టానో గుర్తులేదు. గుర్తుండేంత విలువైనది దేనిమీదా పెట్టి ఉండను. ఆమె మళ్ళీ బండిలో కూర్చుంది. నడిగూడెం వెనక్కి పోయింది.

కోదాడలో రెండు ఆటలు మాట నిలబెట్టుకున్నాను. కాని మా కంటే ముందే ఆ మాట అక్కడికి చేరి కూర్చుని ఉంది. మూడో ఆటలో ఆ ఘట్టం దగ్గర నేను దగ్గడం మొదలుపెట్టగానే నేలమీదినుంచి కేకలు.

"రుమాలు మాటేదయ్యా?"

"అది చెప్పకపోతే ఎందుకయ్యా నువ్వు!"

"బూర దించి ఇంటికెళ్ళు!"

ఒక మట్టి పెడ్డ కూడా వచ్చి తెరకు తగిలింది. మా కథానాయిక ముఖానికే. నేను కొంచెం తగ్గించి చెప్పాను. తగ్గించి అంటే గొంతు తగ్గించి. మాటలు అవే. ఆ రోజు తిరిగి చూస్తే పరదా పక్కన ఆమె నిలబడి ఉంది. అక్కణ్ణుంచి నడిగూడెం వెళ్ళాలంటే మధ్యలో సరిహద్దు నాకా ఉంది, పోలీసులున్నారు. బండ్లతో వచ్చినప్పుడు దాటినంత తేలిగ్గా ఆమెకు ఒంటరిగా దాటడం కుదరదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చప్పట్లు వినిపిస్తున్నప్పుడు మనకు చాలా సంగతులు తట్టవు.

కోదాడ తర్వాత మిర్యాలగూడ వెళ్ళాం. అక్కడ మూడో రోజు పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. ఒక నడివయసు మనిషి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అంగట్లో ఎడ్లు కొనడానికి వచ్చానన్నాడు. ముఖం మంచిది.

"నిన్న బొమ్మ జెప్పింది నువ్వేనా సారూ?"

"నేనే."

"మస్తు జెప్పినవ్. కడుపు నొయ్యంగ నవ్విన. గా రుమాలు ముచ్చట యాడిది?"

"బొమ్మలోదే."

"బొమ్మల రుమాలు లేదు గద. నడికట్టుండె."

నా బూర వినేవాళ్ళు తెరను అంత నిశితంగా చూడరని అనుకునేవాణ్ణి. "నేనే కల్పించాను" అన్నాను.

ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. "నువ్వు కల్పించిందైతె గా ముడి నేనెట్ల ఇప్పిన సారూ? పటేలు ఇంట్ల జీతమున్నది నేనే. ముడి రాకుంటె కొడవలితోటి కోసిన. గా మాట ఇన్నది పటేలు, నేను, దంచెటోళ్ళు. నీకెవలు జెప్పిన్రు?"

నేను జవాబు చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఆ సంగతి నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను: జవాబు చెప్పలేదు, ఒక్క ముక్క అనలేదు అని. అది నిజమే. నా కళ్ళు మాత్రం ఒకసారి ఆడవాళ్ళ గేటువైపు వెళ్ళి వచ్చాయి. అక్కడ ఆమె పరదా ఉతికి ఆరేస్తోంది. ఆయన నా కళ్ళ వెంట చూశాడు. కాసేపు నేల గీకాడు. "పిల్లలు గలోన్ని సారూ" అన్నాడు, నేనేదో అడిగినట్టు. లేచి వెళ్ళిపోయాడు. ఎడ్లు కొన్నాడో లేదో తెలియదు.

ఆ తర్వాత రెండో రోజు మధ్యాహ్నం ఇద్దరు జవాన్లు, పటేలు కచ్చడం బండి వచ్చాయి. పరిగెత్తడానికి చోటు లేదని ఆమె ఒక్క చూపులో లెక్క చూసుకుంది. కుడుతున్న పరదాలో సూది గుచ్చి, యజమానితో "ఇంక మూరెడే ఉన్నది, ఎవలన్న కుట్టున్రి" అంది. బండెక్కింది. నావైపు చూడలేదు. చూసి ఉంటే ఏమనేదో నేను ఊహించగలను. నా వృత్తే అది కదా. కాని ఆమె అనలేదు, నేను అనిపించను.

ఆ సాయంత్రం జనం ఎప్పటిలాగే వచ్చారు. తెడ్డు దొరసాని ఎప్పటిలాగే గెలిచింది.

తర్వాత వానలు పడ్డాయి. ఆ వానల చివర యూనియన్ సైన్యం వచ్చింది. మాకు కూడా స్వాతంత్ర్యం వచ్చిందన్నారు. మార్పు కళ్ళకు కనపడింది, ముఖ్యంగా తలల మీద. నిన్నటిదాకా కుచ్చుల రుమాళ్ళు ఉన్నచోట తెల్ల టోపీలు వచ్చాయి. కింద ఉన్న ముఖాలను మార్చడానికి టైము చాలలేదు.

సూర్యాపేటలో కొత్త అధికారుల గౌరవార్థం మా డేరాలో ప్రత్యేకంగా ఆట వేయించారు. ముందు వరస కుర్చీల్లో తెల్ల టోపీతో ఒక పెద్దమనిషి ఉన్నాడు. తిరుమలగిరి దిక్కు పటేలని యజమాని నా చెవిలో చెప్పాడు. కట్టేసే ఘట్టం రాగానే నేను దగ్గాను. పాత అలవాటు. ఆయన కుర్చీలోంచి వెనక్కి తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు:

"పంతులూ, గా రుమాలు మాట జెప్పవేంది? సాబ్ ఇనాలె. మా దిక్కు ఆడోళ్ళు అసొంటోళ్ళు సాబ్! శేర్!"

అధికారి తలూపాడు. యజమాని నన్ను మోచేత్తో పొడిచాడు. నేను చెప్పాను. పటేలే అందరికంటే ముందు చప్పట్లు కొట్టి, దాన్ని అధికారికి హిందీలో వివరించాడు. నాకంటే బాగానే వివరించాడు.

మర్నాడు తిరుమలగిరి బస్సెక్కాను. అక్కడ పటేలు ఊరు ఏదో కనుక్కుని నడిచాను. ఆమె ఇల్లు చూపించమంటే చూపించారు. మట్టి గోడలు ఉన్నాయి, వాకిట్లో తలుపు లేదు, దర్వాజా చట్రం కూడా లేదు. గోడలో పన్ను ఊడినట్టు ఒక బొంద, దానికి గోనెపట్టా వేలాడుతోంది. ఆమె బయట కూర్చుని ఎడమ చేత్తో పెసర్లు ఏరుతోంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. మణికట్టు దగ్గర అది ఒక పక్కకు తిరిగి అతుక్కుంది.

"వచ్చినవా పంతులూ" అంది. కూర్చోమని పీట జరిపింది.

నేను చెప్పదలుచుకున్నది చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆపేసింది.

"గదంత ఎందుకు. సదువుకున్నోనివి, ఒక దరఖాస్తు రాసియ్యి. తలుపు, దర్వాజ పటేలు పీకిచ్చుకపోయిండు. నా పెనిమిటి బతికున్నప్పుడు చేపిచ్చిన టేకు తలుపు. గాయన కొట్టంల ఉన్నది, నేనే చూసిన. సర్కారు మారిందంటున్రు గద. తలుపు ఇప్పియ్యమని రాయి."

"చెయ్యి సంగతి?"

"చెయ్యి సంగతి రాయకు. చెయ్యి వాపస్ ఇస్తడా? తలుపైతె ఇస్తడు. తలుపు మాటొక్కటే రాయి."

రాశాను. వేలిముద్ర వేయించుకోవాలి. ఆమె కుడి బొటనవేలు వంగదు. నేనే పట్టుకుని సిరాలో ముంచి కాగితం మీద అదిమాను. అదిమేటప్పుడు ఆమె ముఖం వేరే వైపు పెట్టుకుంది.

సూర్యాపేటకు వచ్చి ఆ కాగితం మళ్ళీ చదువుకున్నాను. మరీ చప్పగా ఉంది. ఒక తలుపు, ఒక దర్వాజా, ఇప్పించగలరు. కొత్త ప్రభుత్వానికి ఇంత చిన్న కోరికా అనిపించింది. వేలిముద్రకు పైన నాలుగు వేళ్ళ జాగా ఉంది. అందులో చెయ్యి సంగతి రాశాను. వెట్టి సంగతి రాశాను. 'వీరనారి' అన్న మాట కూడా పడింది. కాలేజీలో ఎన్నడూ అంత బాగా రాయలేదు. తాలూకా కచేరీలో ఇచ్చి వచ్చాను.

వట్టి తలుపు మాటే అయితే రెవెన్యూ గిర్దావరును పంపి ఇప్పించేవాళ్ళమని ఆ కచేరీ గుమాస్తా తర్వాత నాతో అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. చెయ్యి విరగ్గొట్టడమంటే నేరం. నేరమంటే విచారణ. విచారణకు కాగితం ఆ గ్రామాధికారికే వెళ్ళాలి. అది పద్ధతి. సర్కారు మారినా పద్ధతి మారలేదు. గ్రామాధికారి అంటే పటేలే.

రెండు నెలలకు జవాబు వచ్చింది. తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. చదవమంది. చదివాను. విచారణ జరిపితిమి. సదరు స్త్రీ బండి మీదినుంచి పడి చెయ్యి విరిగినది. తలుపు ఆమె స్వయముగా అమ్ముకొన్నది, సాక్షులు గలరు. సదరు స్త్రీ పెద్దలతో తగవులు పెట్టుకొను స్వభావము గలది. అర్జీ కొట్టివేయడమైనది.

"ఇంకోపారి సదువు" అంది. ఇంకోసారి చదివాను.

"చెయ్యి సంగతి వాళ్ళకెట్ల తెలిసింది?"

నేను కాగితం మడతపెట్టాను.

"తలుపు మాటొక్కటే రాయమంటి గద పంతులూ."

"బలంగా ఉంటుందని..." అన్నాను. మళ్ళీ రాద్దామన్నాను, హైదరాబాదుకే పంపుదామన్నాను, నాకు తెలిసినవాళ్ళు ఉన్నారన్నాను. అందులో చివరిది అబద్ధం. ఆమె అంతా విన్నది. కోపం ఉందేమోనని ముఖం చూశాను. కోపం కంటే అలసట ఎక్కువ కనిపించింది.

"వద్దు. ఇగ నా తరపున ఏం జెప్పకు" అంది. "పొద్దుగూకుతున్నది, బస్సు దొరకదు. పో."

లేచి లోపలికి వెళ్ళి గోనెపట్టా కిందికి వదిలింది. నేను కాసేపు బయట నిలబడ్డాను. తలుపైతే తట్టి ఉండేవాణ్ణి.